అల్లుడి కారు, డిక్కీలో రోలు

మా అల్లుడి కారు ఎక్కడమంటే బావిలోకి దిగడమే. ముందు కారుకు వీపు తిప్పి నిలబడాలి, తలుపు పట్టుకోవాలి, దేవుడి మీద భారం వేసి కూలబడాలి. సీటు ఎక్కడో పాతాళంలో తగులుతుంది. ఆ తర్వాత ఒక కాలు, ఆ తర్వాత రెండో కాలు, చివరికి చీర కుచ్చెళ్లు. దిగడం ఇంకో అవస్థ. మా మనవరాలు డ్రైవరు వైపు నుంచి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని చేద లాగినట్టు లాగాలి.

ఎర్ర కారు. రెండే తలుపులు. వెనక సీటు ఉందంటారు. ఉంది, కాదనను. అందులో ఆరేళ్ల పిల్ల పడుతుంది, పెద్దవాళ్లయితే సగం పడతారు.

ఇదంతా నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాది బొంగురు గొంతు, మెల్లగా మాట్లాడటం చేతకాదు. "మెల్లగా చెప్పమ్మా, పక్క ఫ్లాటు వాళ్లకు వినబడుతుంది" అంటోంది. విననీ. వాళ్లకీ తెలిసిన గొడవే. అసలు సింగపూర్‌లో ఈ బెడోక్ పేటలో మా బ్లాకు కింద కారు పార్కులో తిరిగే పిల్లులకు కూడా తెలుసు.

మాది బెజవాడ వైపు. మా వైపు అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడాలి, ఏదైనా చెప్పాలంటే మూడో మనిషికి చెబుతున్నట్టు చెప్పాలి. సింగపూర్ ఫ్లాటులో తలుపు చాటు ఎక్కడ దొరుకుతుంది? తలుపు వెనక చెప్పుల స్టాండు, దాని పక్కన వాషింగ్ మెషీను. అందుకని నేను మనవరాలితో చెప్పేదాన్ని. "ఏమే, మీ నాన్నగారికి పెరుగు కావాలేమో కనుక్కో" అని. మనవరాలు లేకపోతే ఫ్రిజ్‌తో చెప్పేదాన్ని. అల్లుడిది కరీంనగర్ వైపు. వాళ్లకు ఈ పట్టింపులు లేవు. నేరుగా నా మొహంలోకి చూసి "అత్తమ్మా, తిన్నవా?" అంటాడు. నేనేమో ఫ్రిజ్ వైపు తిరిగి "తిన్నాను నాయనా" అంటాను.

ఇంకో పట్టింపు కూడా ఉంది. అల్లుడు చేసింది ఏదైనా సరే, బాగాలేదని అత్త నోట రాకూడదు. ఒకసారి అతను నాకు టీ పెట్టి ఇచ్చాడు, చక్కెర అనుకుని ఉప్పు వేసి. నేను గ్లాసు ఖాళీ చేసి "అమృతం" అన్నాను. రెండో గ్లాసు కూడా పోశాడు.

ఈ రెండు పట్టింపుల మధ్యే నా నడుం విరిగింది.

మా ఆయన లారీ తోలేవాడు. పెళ్లయిన కొత్తల్లో నన్ను కూడా క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. బండి ఆపాక స్టీరింగు మీద రెండు దెబ్బలు తట్టి "చాల్లే, పడుకో" అనేవాడు, ఎద్దుకు చెప్పినట్టు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో మా అల్లుడు కారు ఆపి, ఎవరూ చూడటం లేదనుకుని, స్టీరింగు మీద రెండు దెబ్బలు తట్టాడు. నేను చూశాను. ఆ రోజు నుంచి ముందు సీటు నాదే.

అమ్మాయి పొద్దున్నే రైల్లో తంజోంగ్ పగార్‌లో ఆఫీసుకు వెళ్లిపోతుంది. అల్లుడి ఆఫీసు పాయా లేబర్‌లో. మనవరాలి బడి అక్కడికి దగ్గరే. కాబట్టి రోజూ పొద్దున నేనూ, అల్లుడూ, మనవరాలూ కారులో. పిల్లను బడిలో దింపి, నేను అక్కడి హాకర్ సెంటర్‌లో, అదే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే షెడ్డులో, కూర్చుని కాఫీ తాగి, వచ్చేపోయే జనాన్ని చూసి, మధ్యాహ్నం పిల్లను బస్సులో ఇంటికి తెచ్చుకుంటాను. అల్లుడు గేరు వేస్తుంటే, రోడ్డు కాళ్ల కిందికి పరిగెత్తుకొస్తుంటే, ఆ పాతిక నిమిషాలే నాకు రోజు మొత్తంలో బాగుండేది.

అట్లాంటి కారుకు జబ్బు చేసింది. గతుకు వస్తే ఒకసారి ఎగరాల్సింది నాలుగుసార్లు ఎగురుతోంది, ఉయ్యాలలాగా. నాకు హాయిగానే ఉంది గానీ అల్లుడు మొహం మాడ్చుకున్నాడు. వర్క్‌షాపులో ఒక చైనా మెకానిక్ ఉన్నాడు. అందరూ అంకుల్ అంటారు, నాకన్నా చిన్నవాడే, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర లా, ఆ, మా అని తగిలిస్తాడు. అతను కారు పైకెత్తి చూసి, షాక్ అబ్జార్బర్లు నూనె కారుతున్నాయి, మార్చాలి అన్నాడు. మార్చాలి అనగానే మా అల్లుడి కళ్లు వెలిగాయి చూడండి, మనవరాలికి ఐస్‌క్రీం బండి కనబడ్డప్పుడు కూడా అంత వెలగవు.

పాతవాటి లాంటివే వేయించొచ్చు. కానీ అల్లుడు కాయిలోవర్లు అనేవి తెప్పించాడు. పెద్ద పెట్టె ఇంటికి వచ్చింది. హాలు మధ్యలో పరిచి నాకు చూపించాడు. లావుపాటి గొట్టం, గొట్టం ఒళ్లంతా మరలు, దాని చుట్టూ నీలం రంగు స్ప్రింగు. మరల మీద ఉన్న రింగు తిప్పితే కారు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. నెత్తిన ఉన్న బొడిపె తిప్పితే గట్టిపడుతుంది, మెత్తబడుతుంది. నవారు మంచం లాంటిదన్నమాట, ఎవరికి కావలసినట్టు వాళ్లు బిగించుకోవచ్చు.

"రోజూ ఆఫీసుకు పోయే కారుకు ఇవన్నీ ఎందుకండీ?" అంది అమ్మాయి అన్నం వడ్డిస్తూ. "రేసులకు పోతారా?"

"రోజూ పోతం గాబట్టే, రోజూ మంచిగుండాలె" అన్నాడు అల్లుడు.

"మా అమ్మ రోజూ కూర్చుంటుంది అందులో. గట్టి స్ప్రింగులు. ఆవిడ నడుం సంగతి తెలుసుగా?"

"అత్తమ్మకు ఏం కాదు."

"సరే, వినండి." గరిటె పైకెత్తింది. మా అమ్మాయి గరిటె ఎత్తిందంటే అది కోర్టు తీర్పు. "మా అమ్మ ఆ కారులో ఒక్కసారి అబ్బా అన్నదంటే, ఆ నెలలోనే కారు అమ్మేస్తున్నాం. ఏడు సీట్ల బండి కొంటున్నాం. తెల్లది. జారుడు తలుపులది."

అల్లుడు నా వైపు చూశాడు. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. పాపం, తాగడు, పేకాడడు, చొక్కాలు కూడా చిరిగిపోయే దాకా వేసుకుంటాడు. ఉన్నది ఆ ఒక్క పిచ్చి.

నేను ఫ్రిజ్ వైపు తిరిగి, "నేనెప్పుడన్నా అబ్బా అన్నానా?" అన్నాను.

ఇకనేం. మర్నాడు స్ప్రింగులకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, హారతి ఇచ్చాను. కొత్త వస్తువు బొట్టు లేకుండా గడప దాటకూడదు. వర్క్‌షాపులో పెట్టె విప్పిన అంకుల్ వెనక్కి గెంతాడు.

"ఐయా! దిస్ వన్ బ్లడ్ ఆ?"

"నో బ్లడ్. గాడ్" అన్నాను.

అతను చేతులు పాంటుకు తుడుచుకుని, ఏదో గొణుక్కుంటూనే పని మొదలుపెట్టాడు. పనైన తర్వాత నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించాను. "ఆంటీ, క్యానాట్ లా, ఫ్లోర్ డర్టీ" అని మొత్తుకున్నాడు. అల్లుడు కారు ముందుకు పోనిచ్చాడు. మూడు కాయలు మామూలుగా చితికాయి. నాలుగోది పక్కకు చిమ్మి అంకుల్ బూటు మీద పడింది. శుభమే అన్నాను.

ఇంటికి బయల్దేరాం. అమ్మో, ఆ ప్రయాణం! అదివరకు కారు నన్ను మోసేది. ఆ రోజు నన్ను దంచింది. రోడ్డు మీద తెల్ల గీత వస్తే ఆ గీత నా వెన్నులో పడింది. ఫ్లైఓవర్ మీద అతుకులున్నాయే, వాటిని అన్నేళ్లుగా దాటుతున్నా ఉన్నాయని నాకు తెలియదు, ఆ రోజు ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలిచినట్టు పలకరించింది. చీమ అడ్డం వచ్చినా చీమ ఎక్కినట్టు తెలుస్తోంది. ఇంక మా బ్లాకు కారు పార్కు మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. దాన్ని ఎక్కగానే నా... మా అమ్మాయి ఆ మాట రాయనంటోంది. సరే, వీపు కింది భాగం అని రాయి. నా వీపు కింది భాగం రెండుగా ఉన్నది నాలుగైంది.

నోరు తెరుచుకుంది. అబ్బాలో అ దాకా వచ్చేసింది. వెనక సీట్లో మనవరాలు, అది ఇంటి రేడియో, విన్నదంతా సాయంత్రానికి వాళ్లమ్మకు చేరవేస్తుంది. ఆ క్షణంలో ఏ దేవుడు కాపాడాడో గానీ, అ మింగేసి, "గోవిందా!" అన్నాను.

అల్లుడు కారు ఆపి, స్టీరింగు మీద రెండు దెబ్బలు తట్టి, నా వైపు తిరిగాడు. "ఎట్లున్నది అత్తమ్మా? మంచిగున్నదా?"

ఎదురుగా ఫ్రిజ్ లేదు. గ్లోవ్ బాక్సుకు చెప్పాను. "రాజరథంలాగా ఉంది నాయనా."

అదీ నేను చేసిన పని. రాజరథం అన్నానని అతను ఆ సాయంత్రమే కరీంనగర్‌కు ఫోన్ చేసి వాళ్లమ్మతో చెప్పుకున్నాడు. మర్నాడు పొద్దున కారు దగ్గర వంగుని ఏదో తిప్పి వచ్చి, సంబరంగా అన్నాడు: "నీకు నచ్చింది గదా అత్తమ్మా, ఇంకొంచెం బిగించిన."

అప్పట్నుంచి ఇదే వరస. నేను మెచ్చుకుంటాను, అతను బిగిస్తాడు. నేను మెచ్చుకోకపోతే, "ఏమైందత్తమ్మా, నొప్పి పెడ్తున్నదా?" అని బెదురుగా చూస్తాడు. ఆ చూపు చూడలేక మళ్లీ మెచ్చుకుంటాను. మళ్లీ బిగిస్తాడు.

స్పీడ్ బ్రేకర్‌కు ఒక గోవిందా. ఫ్లైఓవర్ అతుకులకు వరసగా గోవింద, గోవింద, గోవింద. బడి గేటు ముందు పెద్ద గతుక్కు "ఏడుకొండలవాడా!" ఇంట్లో అందరూ నా భక్తికి మురిసిపోయారు. అమ్మాయైతే పక్క ఫ్లాటు ఆవిడతో, "మా అమ్మ ఈ మధ్య నామస్మరణ వదలడం లేదండీ" అని చెప్పుకుంది. అనుమానం వచ్చింది ఒక్క మనవరాలికే.

"అమ్మమ్మా, హౌ కమ్ యూ సే గోవిందా ఓన్లీ ఎట్ హంప్?"

"దేవుడు ఎత్తు మీద ఉంటాడే. కొండ కదా."

"డోంట్ బ్లఫ్ లా, అమ్మమ్మా."

దాని నోట్లో మురుకు పెట్టి ఊరుకోబెట్టాను. రోజూ ఒక మురుకు. పిల్ల బడి బ్యాగులో మురుకుల పొడి రాలుతోందని టీచరు చెప్పి పంపింది.

నొప్పుల నూనె రాద్దామంటే వాసన వస్తుంది, మా అమ్మాయిది కుక్క ముక్కు. రాయను అంటోంది. రాయవే, నిజమేగా! అందుకని ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి, నడుముకు కాపడం పెట్టుకునేదాన్ని. ఉప్పు డబ్బా ఊరికే ఖాళీ అవుతుంటే అమ్మాయి బీపీ మిషన్ కొనుక్కొచ్చి నా చేతికి తగిలించింది. కూరల్లో ఉప్పు తగ్గించేసింది. నడుం నొప్పి ఒక పక్క, చప్పిడి కూర ఒక పక్క.

ఒకరోజు కాపడం పెట్టుకుంటూ ఉండగా మా ఆయన మాట గుర్తొచ్చింది. "లోడు లేని లారీ, పని లేని మొగుడు, రెండూ ఊరికే ఎగిరిపడతాయి" అనేవాడు. నిజమే. ఖాళీ లారీలో వస్తుంటే పళ్లు రాలేవి. అదే బియ్యం బస్తాలు ఎత్తుకుని వస్తుంటే, స్ప్రింగు కట్టలు అణిగి, తొట్టిలో ఊపినట్టు ఉండేది, నిద్ర పట్టేది. మరి ఈ కారుకు లోడు ఎక్కడిది? నేనూ, ఇంతలేసి పిల్లా, గాలికి ఎగిరిపోయేటట్టుండే అల్లుడూ.

కారు తాళం రెండోది తలుపు పక్కన మేకుకే ఉంటుంది. కింద కొట్టులో పది కిలోల బియ్యం సంచులు రెండు తీసుకుని, సరుకుల చక్రాల బండిలో వేసుకుని, కారు పార్కు దాకా లాక్కెళ్లి, డిక్కీలో పెట్టాను. పైన నల్ల దుప్పటి కప్పాను. మర్నాడు పొద్దున స్పీడ్ బ్రేకర్ దగ్గర గోవిందా సగంలో ఆగింది. "గోవి" దాకానే వచ్చింది. పని చేస్తోంది! ఆ మధ్యాహ్నమే ఇంకో సంచి వేశాను. మినపప్పు వేశాను. అయినా చాలదనిపించి, బెజవాడ నుంచి విమానంలో తెచ్చుకున్న నా రాతి రోలు తీసుకెళ్లి మధ్యలో కూర్చోబెట్టాను. చిన్న రోలే, కానీ రాయి రాయే.

ఇంక చూడండి, అల్లుడి కారు లారీ అయింది. పాయా లేబర్ దాకా కునుకు తీశాను. దేవుణ్ణి పూర్తిగా మర్చిపోయాను.

"అమ్మమ్మా, టుడే నో గోవిందా?" అంది రేడియో.

"ఇవాళ ఆయనకు సెలవు" అన్నాను.

నేను నిద్రపోయేంత బాగుందని అల్లుడు బిగించడం మానేశాడు. లాప్‌టాప్ బ్యాగు కూడా నా కాళ్ల దగ్గరే పెట్టే మనిషి, ఇంక డిక్కీ తెరవడు. కానీ కారు చుట్టూ రోజుకు నాలుగు సార్లు తిరుగుతాడు. వారం తిరక్కుండానే కనిపెట్టాడు.

"వెనక కిందికి దిగింది" అన్నాడు అన్నం తింటూ. "కొత్త స్ప్రింగులు గదా, కూసుంటయి. సెట్టయితయి." వర్క్‌షాపుకు పోయి, వెనక రింగులు కింద నుంచే తిప్పించి, సమానంగా ఎత్తించుకుని వచ్చాడు. ఇక్కడ ఎంత పడితే అంత పైకీ కిందికీ చేయడానికి ఒప్పుకోరట, కొలతలుంటాయట, అదొక భయం అతనికి.

అంతటితో ఆగితే బాగుండేది. కార్తీక మాసం వచ్చింది. తెలుగువాళ్లందరూ ఈస్ట్ కోస్ట్ బీచ్‌లో వనభోజనాలు పెట్టుకున్నారు. పులిహోర నా వంతు. ఇంట్లో బియ్యం చాలవు. బియ్యం ఎక్కడున్నాయో నాకు తెలుసు కదా. సంచులు మూడూ తెచ్చేసి, మినపప్పు గారెలకు తెచ్చేసి, అల్లం పచ్చిమిర్చి దంచడానికి రోలు కూడా తెచ్చేశాను.

పొద్దున కారు పార్కులో అల్లుడు నిలబడిపోయాడు. కారు ముక్కు నేలకు, తోక ఆకాశానికి. అచ్చం సాష్టాంగ నమస్కారం చేస్తున్నట్టుంది.

"ఏందిది? మొన్ననే గదా సమానం చేసిన!"

"దానిక్కూడా భక్తి వచ్చిందేమో" అన్నాను, మనవరాలి వైపు తిరిగి.

మళ్లీ వర్క్‌షాపు. వెనక దించాడు. వనభోజనాల తర్వాత నేను కొత్త సంచులు రెండు కొని మళ్లీ డిక్కీ నింపాను, మినపప్పుతో, రోలుతో సహా. మళ్లీ దిగింది. మళ్లీ ఎత్తాడు. ఇంట్లో బియ్యం అయిపోయి ఒక సంచి తెచ్చుకున్నాను. మళ్లీ లేచింది. అతను టేపు కొన్నాడు. పొద్దున ఆఫీసుకు పోయే ముందు, సాయంత్రం వచ్చిన తర్వాత, చక్రం మీద నుంచి రేకు దాకా కొలిచేవాడు. కొలిచి, తల గోక్కుని, మళ్లీ కొలిచేవాడు. టేపు తప్పేమోనని ఇంకో టేపు కొన్నాడు. చెట్టంత మనిషి కారు వెనక గొంతుక్కూర్చుని ఆలోచిస్తుంటే పిల్లులు వచ్చి పక్కన కూర్చునేవి.

అన్నం తగ్గింది. మాట తగ్గింది. స్టీరింగు మీద తట్టడం మానేశాడు. నేను గమనించాను.

ఒక శుక్రవారం సాయంత్రం చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "నాకు చాతనైతలేదు. ఈ స్ప్రింగులల్లనే ఏదో లొల్లి ఉన్నది. అంకుల్ గుడ తెల్వదంటున్నడు. పిల్ల కూసుంటది, అత్తమ్మ కూసుంటది, ఏమన్నైతే? రేపు ఆఖరిసారి చూపిస్త. కాకుంటే అమ్మేద్దాం."

అమ్మాయి మెత్తగా అంది: "పోనీలెండి. ఏడు సీట్ల బండి చూద్దాం."

ఏ కారు పోకూడదని నడుం విరగ్గొట్టుకున్నానో, నా బియ్యమే ఆ కారును అమ్మిస్తోంది. చెబితే, నొప్పని ఒప్పుకున్నట్టు. అప్పుడు అమ్మాయి అమ్మిస్తుంది. చెప్పకపోతే అల్లుడే అమ్మేస్తాడు. ముందు నుయ్యి, వెనక డిక్కీ. పొద్దున్నే ఎవరూ లేవకముందు వెళ్లి సరుకంతా తీసేద్దామనుకుని లేచాను. మేకుకు తాళం లేదు. అల్లుడు అప్పుడే లేచి, రెండో తాళం కూడా జేబులో వేసుకుని, కారు కడుగుతున్నాడు. అమ్మేసేదాన్ని శుభ్రంగా అమ్మాలని.

శనివారం అందరం వెళ్లాం. అమ్మాయి వెనక సీట్లో పిల్ల పక్కన ఇరుక్కుని కూర్చుంది. దారంతా నేను గోవిందా కూడా అనలేదు.

అంకుల్ కారును లిఫ్టు మీదికి తీసుకునే ముందు చుట్టూ తిరిగాడు. వెనక చక్రాల నెత్తి మీది బొడిపెలు డిక్కీ లోపల నుంచే అందుతాయి. డిక్కీ తెరిచాడు. నల్ల దుప్పటి లాగాడు.

"వా!" అన్నాడు. "యూ ఓపెన్ ప్రొవిజన్ షాప్ ఆ?"

అల్లుడు వచ్చి చూశాడు. బియ్యం సంచి చూశాడు, మినపప్పు చూశాడు, రోలు చూశాడు. టేపు చేతిలోనే ఉంది. అమ్మాయి కూడా దిగి వచ్చి చూసింది. అంకుల్ రోలు ఎత్తబోయి, ఎత్తలేక, నడుం పట్టుకుని వదిలేశాడు.

"అమ్మా," అంది అమ్మాయి, "మన రోలు ఇక్కడెందుకుంది?"

ఎవరితో చెప్పను? ఫ్రిజ్ లేదు. గ్లోవ్ బాక్సు దూరంగా ఉంది. మనవరాలి వైపు తిరిగాను. "ఏమే, మీ నాన్నగారితో చెప్పు..." అని మొదలుపెట్టాను. అది చేతులు కట్టుకుని నిలబడింది.

"నో. అమ్మమ్మా, యూ టెల్ యువర్‌సెల్ఫ్."

అప్పుడు, వాళ్ల పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి, అల్లుడి మొహంలోకి నేరుగా చూశాను. మంచి మొహమే. "బాబూ," అన్నాను, "స్ప్రింగులకు ఏమీ కాలేదు. నా నడుముకయింది. మీరు బిగించినప్పుడల్లా నాకు ప్రాణం పోయింది. మా ఆయన లారీ లోడు మీద బాగుండేదని బియ్యం వేశాను. మీరు ఎత్తారు. వండుకోవడానికి నేను తీశాను. మీరు దించారు. కారు మంచిది. అమ్మకండి. అబ్బా, నా నడుమూ..."

"అంది!" అంది అమ్మాయి. "అబ్బా అంది!"

అల్లుడు డిక్కీ అంచు మీద కూలబడ్డాడు. కారు ఇంకొంచెం దిగింది. "రాజరథం అన్నవు గదా అత్తమ్మా?"

"ఉప్పు టీని అమృతం అన్నాను, బాబూ."

"ఉప్పా?" అతను నోరు తెరిచాడు. "అది ఉప్పా?"

అంకుల్‌కు తెలుగు రాదు గానీ గొడవలు అర్థమవుతాయి. నా నడుం వైపు చూశాడు, బియ్యం వైపు చూశాడు. "ఆంటీ బ్యాక్ పెయిన్? ఐయో! దిస్ వన్ అడ్జస్టబుల్ మా!" అని డిక్కీలోకి వంగి బొడిపెలు రెండూ వెనక్కి తిప్పాడు. టిక్కు టిక్కు టిక్కు. ముందుకు వెళ్లి బానెట్ ఎత్తి అక్కడా తిప్పాడు. టిక్కు టిక్కు. మా అమ్మాయి కోపం ఉన్నంతసేపు కూడా పట్టలేదు. "ఫినిష్" అన్నాడు.

"తిప్పితే మెత్తగైతదని నీకు మొదలే చెప్పిన గదా అత్తమ్మా" అన్నాడు అల్లుడు, ఏడవాలో నవ్వాలో తెలియని గొంతుతో.

"చెప్పారు. బాగాలేదని నేనెట్లా అంటాను?"

అమ్మాయి గరిటె లేకపోయినా చెయ్యి ఎత్తింది. "అబ్బా అన్నది కారు ఆగి ఉన్నప్పుడు. కాబట్టి లెక్క కాదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఇంటికి వెళ్తాం. ఇదే దారి, ఇవే గతుకులు. మా బ్లాకు స్పీడ్ బ్రేకర్ దాటేలోపు అబ్బా వినబడిందా, అమ్మేయడమే. ఆ నామస్మరణ ఎందుకో ఇప్పుడర్థమైంది, గోవిందా కూడా అబ్బా కిందే లెక్క."

అంకుల్ కారు ఎత్తు సరిచేశాడు. రోలు మాత్రం కదపనన్నాడు. తన నడుం కూడా పోయిందట, రోలుతోనే ఎత్తు సమానం చేశాడు. బియ్యం, పప్పు తీసి వెనక సీట్లోకి ఇచ్చాడు. అక్కడ చోటెక్కడిది? సంచి అమ్మాయి ఒడిలో పెట్టుకుంది. పప్పు కాళ్ల కింద.

బయల్దేరాం. అల్లుడు స్టీరింగును పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఫ్లైఓవర్ అతుకులు వచ్చాయి, వెళ్లాయి. దుప్పటి మీద దొర్లినట్టుంది. గతుకు వచ్చినప్పుడల్లా మూడు మొహాలు నా నోటి వైపు తిరిగేవి. "ముందుకు చూసి తోలండి, బాబూ" అన్నాను. బెడోక్ వచ్చింది. మా బ్లాకు వచ్చింది. స్పీడ్ బ్రేకర్ కనబడింది. మనవరాలు రెండు చెవుల వెనకా చేతులు పెట్టుకుంది, బాగా వినబడటానికి.

ఎక్కాం. దిగాం. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నిజంగానే ఏమీ లేదు.

"అబ్బా!" అని వినబడింది.

వెనక నుంచి. బియ్యం సంచి ఎగిరి అమ్మాయి ఒడిలో పడింది.

ముందు తేరుకున్నది మనవరాలే. "దట్ వన్ మమ్మీ సే. నాట్ అమ్మమ్మ. డోంట్ కౌంట్ లా!"

అల్లుడు బుగ్గలు బిగబట్టి, కారు నిలిపి, స్టీరింగు మీద రెండు దెబ్బలు తట్టాడు. అప్పుడిక ఆపుకోలేకపోయాడు. నేనూ ఆపుకోలేకపోయాను. నవ్వితే నడుం కదిలి నొప్పెట్టింది గానీ ఆ అబ్బా గట్టిగా మింగేశాను. అమ్మాయి బియ్యం సంచి మీద తల పెట్టి చాలాసేపు లేవలేదు. నవ్వుతోందో ఏడుస్తోందో అప్పుడు తెలియలేదు. నవ్వాననే రాస్తోంది. సరే, అట్లాగే ఉంచు.

ఏడు సీట్ల బండి మాట మళ్లీ రాలేదు. పొద్దున మేము ఎక్కేముందు అల్లుడు బొడిపెలు మెత్తగా తిప్పుతాడు, మమ్మల్ని దింపాక పక్కన ఆపి మళ్లీ బిగించుకుంటాడు. "ఎట్లున్నది అత్తమ్మా?" అంటే నేనిప్పుడు అతని మొహం చూసే చెబుతాను. "ఇవాళ కాస్త ఎక్కువ మెత్తగా ఉంది బాబూ, నిద్రొస్తోంది, ఒక్క టిక్కు బిగించండి" అని కూడా అంటాను. టీ మాత్రం నేనే పెట్టుకుంటున్నాను.

చిక్కల్లా రోలుతోనే. దాంతోనే ఎత్తు సమానం చేశారు కాబట్టి తీస్తే మళ్లీ తోక లేస్తుంది. అందుకని పచ్చడి నూరాలంటే నేనే కింద కారు దగ్గరికి పోతున్నాను. డిక్కీ తెరిచి, వేయించిన పల్లీలు, చింతపండు, మిరపకాయలు రోట్లో వేసి దంచుతుంటాను. కారు కూడా నాతోపాటు కిందికీ పైకీ మెల్లగా ఊగుతుంటుంది. మొన్న పక్క బ్లాకు ముసలాయన ఒకడు ఆ చప్పుడుకు ఆగి, "ఆంటీ, కార్ స్పాయిల్ ఆ?" అన్నాడు.

"నో స్పాయిల్" అన్నాను. "చట్నీ."